సీలు మార్చే ముందు ఒత్తిడి కొలవండి: కోరాపుట్ ఎత్తులో ఆయిల్ లీకుల లెక్కలు

రాయగడ సముద్రమట్టానికి దాదాపు 200 మీటర్ల ఎత్తున ఉంది. కోరాపుట్ 870 మీటర్లు. సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా వచ్చినా, రాయగడ నుంచి లక్ష్మీపూర్ దారిన వచ్చినా కారు ఆరువందల మీటర్లకు పైగా ఎక్కాల్సిందే. పైకి చేరాక ఇంజిన్ కింద ఆయిల్ మరక కనిపిస్తే షెడ్డులో మొదట వినపడే మాట ‘సీలు పోయింది’. నిజమే కావచ్చు. కానీ దాన్ని బయటికి నెట్టిందేమిటో చూడకుండా కొత్తది వేస్తే అదీ కారుతుంది.

నెట్టేది క్రాంక్‌కేసులో చేరిన వాయువు. రింగులు ఎంత బాగున్నా సిలిండర్లో మండిన వాయువు కొంత కిందికి జారుతుంది. మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. 1200 సీసీ ఇంజిన్ 3000 ఆర్పీఎం దగ్గర నిండా పీల్చితే నిమిషానికి 1800 లీటర్ల గాలి తీసుకుంటుంది. అందులో ఒక్క శాతం జారినా 18 లీటర్లు. పెట్రోలు కారులో పీసీవీ వాల్వు ఈ వాయువును మళ్లీ ఇన్‌టేక్‌లోకి లాగుతుంది. ఆ దారి మడ్డి పట్టి మూసుకుపోతే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, క్రాంక్ సీళ్లు, గేజి కన్నం, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్ బయటికొస్తుంది. లోపల చేరిన ఒత్తిడి 25 మిల్లీబార్లంటే వాతావరణ పీడనంలో నలభయ్యో వంతు మాత్రమే. అయినా 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆయిల్ చాంబర్‌ను అది 15 కిలోల బలంతో కిందికి తోస్తుంది.

దీన్ని కొలవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. తాపీమేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శకమైన పైపు చాలు. దాన్ని యు ఆకారంలో ఒక చెక్కకు కట్టి, రెండు కాళ్లూ అర మీటరుకు తగ్గకుండా ఉంచి, అడుగున కొంచెం నీళ్లు పోయాలి. ఒక కొస గేజి కన్నానికి గాలి దూరకుండా బిగించి, రెండోది వదిలేయాలి. ఇంజిన్ వేడెక్కాక, ఆయిల్ మూత బిగించి ఉండగా, ఐడిల్లో రెండు కాళ్ల మధ్య నీటిమట్టం తేడా చూడండి. ఒక సెంటీమీటరు దాదాపు ఒక మిల్లీబార్. బాగున్న పెట్రోలు ఇంజిన్ నీటిని తనవైపు కొన్ని సెంటీమీటర్లు లాక్కుంటుంది. కచ్చితమైన హద్దు ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. నీళ్లు బయటివైపు పెరిగితే లోపల ఒత్తిడి ఉన్నట్టే. ఒక్కసారిగా ఇంజిన్ వైపు పరుగెత్తితే మాత్రం వెంటనే పైపు తీసేయాలి. పీసీవీలోని డయాఫ్రం చిరిగి ఉండొచ్చు.

ఐడిల్లో బాగుంటే సరిపోదు. ఘాటు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంటుంది కాబట్టి ఇన్‌టేక్ లాగే శక్తి బాగా పడిపోతుంది, జారే వాయువు మాత్రం అప్పుడే ఎక్కువ. అందుకని పైకి చేరగానే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడాలి. అందులో ఆయిల్ తడి ఉంటే వాయువు వెనక్కి తన్నినట్టు.

ఇప్పుడు ఈ ప్రాంతంలో అందరూ తెలుసుకోవాల్సిన లెక్క. తీరంలో 1013 మిల్లీబార్లుండే గాలి పీడనం కోరాపుట్లో సుమారు 913. విశాఖలో 180 పీఎస్ఐ కంప్రెషన్ చూపే ఇంజిన్ ఇక్కడ దాదాపు 162 చూపిస్తుంది. ఇన్‌టేక్ వాక్యూమ్ కూడా దాదాపు మూడు అంగుళాలు తగ్గుతుంది. పుస్తకంలోని అంకెతో పోల్చి ‘రింగులు పోయాయి’ అని తేల్చితే నిక్షేపంలాంటి ఇంజిన్‌ను విప్పినట్టవుతుంది. సిలిండర్ల మధ్య తేడా చూడటమే న్యాయం. అది 10, 15 శాతం దాటితే అనుమానించాలి.

పీసీవీ, పైపులు శుభ్రం చేశాకా ఒత్తిడి తగ్గకపోతే లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పంపి ఎంత పోతోందో చూస్తారు. పది శాతం లోపు సాధారణం. ఇరవై దాటి, ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులో, పిస్టనో అరిగినట్టే. టర్బో డీజిల్ అయితే ఒక్క క్షణం ఆగాలి. టర్బో సీలు అరిగితే దాని గాలి ఆయిల్ దిగే పైపు గుండా క్రాంక్‌కేసులోకి వస్తుంది, నింద రింగుల మీద పడుతుంది.

చలికాలంలో సిమిలిగుడ, కోరాపుట్‌లలో దగ్గర దూరాలకే కారు తీసేవాళ్లు మూత లోపలివైపు పాలలాంటి నురగ ఉందేమో చూసుకోవాలి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే అందులో కొంత ఆయిల్లో చేరి, బ్రీదర్ దారిని పూడ్చే మడ్డి అవుతుంది. రేడియేటర్ నీళ్లు కూడా తగ్గుతుంటే మాత్రం అది హెడ్ ప్యాకింగ్ సంగతి.

నిమిషానికి ఒక్క చుక్కే కదా అని వదిలేయకండి. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. ఆగకుండా కారితే రోజుకు 72 మిల్లీలీటర్లు, రెండు వారాల్లో లీటరు. చాలా కార్లలో గేజి పై గీతకూ కింది గీతకూ మధ్య ఉండేది సుమారు అంతే. వెనక క్రాంక్ సీలు మార్చాలంటే గేర్‌బాక్సు దింపాలి. పీసీవీ దారి చూడటం చిన్న పని. గేర్‌బాక్సు మీద చెయ్యి వేయనిచ్చే ముందు క్రాంక్‌కేసు ఒత్తిడి ఎంతో కొలిపించి, ఆ అంకెను జాబ్ కార్డు మీద రాయించుకోండి.