నా పొలములో చెరువు త్రవ్వుటకు అనుమతి యెందుకు?

గుడివాడ నుండి నందివాడ మండలములోనికి పోవువారికి దారికి ఇరువైపుల వరిచేల కంటె నీరే యెక్కువగా కనబడును. ఒకప్పుడు సార్వా, దాళ్వా పంటలు పండిన భూములలో నేడు బొచ్చె, శీలావతి చేపలు పెరుగుచున్నవి. చేపల చెరువు రైతునకు ధనము తెచ్చినది. ఈ ప్రాంతమునకు పేరు తెచ్చినది. ఇందు సందేహము లేదు. అయినను క్రొత్తగా చెరువు త్రవ్వదలచిన రైతు వేయు ప్రశ్న యొకటి కలదు. "పట్టా నాది, నీటి తీరువా కట్టునది నేను. నా మట్టిని నేను త్రవ్వుకొనుటకు ప్రభుత్వ మనుమతి యెందుకు? త్రవ్వినచో నేరమెట్లగును?"

ప్రశ్న సమంజసమైనది. దీనికి "చట్టము కనుక" అని బదులు చెప్పిన చాలదు. ఆ చట్టము ఎందుకు పుట్టినదో చెప్పవలెను.

దొంగతనము, హత్య నేరములని చెప్పుటకు శాసనసభ కూడనక్కరలేదు. చట్టములు వ్రాయబడక మునుపే ప్రతి గ్రామములోను వానికి శిక్ష యుండెడిది. మరికొన్ని పనులు వానంతట అవి తప్పులు కావు. గొయ్యి త్రవ్వుట పాపమని యెవ్వరును చెప్పలేదు. పైగా చెరువు త్రవ్వించుటను మన పెద్దలు సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. అట్టి పుణ్యకార్యమునకే నేడు అనుమతిపత్రము కావలసి వచ్చినదేమని కొందరు నవ్వుదురు. ఆనాటి చెరువు ఊరివారి దాహము తీర్చుటకు త్రవ్వబడినది. నేటి చెరువు గట్టునకు అవతలివానిని ఏమి చేయునో చూడవలసి యున్నది.

చేపల చెరువును బావి వలె లోతుగా త్రవ్వరు. పైమట్టిని తీసి చుట్టును ఎత్తైన గట్లు పోసి, నేలమట్టమునకు పైగా నీరు నిలుపుదురు. ఆ నీరు గట్టు క్రిందుగా ప్రక్కచేనిలోనికి ఊటగా దిగును. వరికి నీరు ఇష్టమే గాని కోతకు ముందు చేను ఆరవలెను. ఊట దిగిన చేను ఆరదు. కోతయంత్రము దిగబడును. మినుము చల్లినను మొలక కుళ్లిపోవును. ప్రక్కరైతు ఒకటి రెండేండ్లు ఓర్చుకొనును. ఆ తరువాత తానును చెరువు త్రవ్వించును, లేదా ఆ చెరువుదారునకే భూమిని లీజుకిచ్చును. ఇట్లు ఒక చెరువు పది చెరువులగును. మొదటివాడు తన ఇష్టముతో త్రవ్వెను. పదవవానికి వేరు దారి లేక త్రవ్వెను. మొదటివాని స్వేచ్ఛను గూర్చి మాటలాడునపుడు పదవవాని స్వేచ్ఛను మరచుట న్యాయము కాదు. ఇక నాట్లు వేయు స్త్రీలను, కోత కూలీలను ఎవ్వరును అడుగరు. నూరుమందికి పని చూపు పొలము చెరువైన పిదప మేత వేయువారికి, కాపలాదారునకు మాత్రమే పని మిగులును.

ఇద్దరు రైతుల నడుమ గట్టు తగవును పెద్దమనుషులు రచ్చబండ వద్ద తీర్పగలరు. ఇరువురును ఊరిలోనే యుందురు. ఒకరి ముఖమొకరు చూచుకొనవలసిన వారు. కాని చెరువును లీజుకు తీసికొనినవాడు వేరొక పట్టణములో నుండవచ్చును. ఇచ్చట అడ్డగించిన మురుగు నాలుగూళ్ల అవతల చేలను ముంచవచ్చును. నష్టపడువానికి నష్టము చేసినవాడు ఎవరో కూడ తెలియదు. కట్టుబాటు చేరలేని యట్టి చోటనే చట్టము అవసరమగును.

డెల్టాలో మురుగు సంగతి చిన్నది కాదు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలలో నీరు వచ్చినది. వచ్చిన నీరు పోవుదారి మాత్రము చాలకాలము సరిగా కుదురలేదు. నేల చదును, వాలు తక్కువ. ఒక రైతు తన చేని ముందు డ్రెయినులో పూడిక తీసినను దిగువ రైతు తీయనిచో ఆ శ్రమ వ్యర్థము. కావున అందరును తీయుటకు మార్గముగా 1968లో రాష్ట్ర శాసనసభ కృష్ణా, గోదావరి డెల్టాలలో మురుగు కాలువల బాగుచేతకై ప్రత్యేక పన్ను విధించు చట్టము చేసినది. చట్టమనగా నిషేధము మాత్రమే కాదనుటకు ఇదొక నిదర్శనము. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ నగరమును ముంచినపుడు, దిగువనున్న నందివాడ మండలపు పల్లెలలోనికి కూడ ఆ నీరే వచ్చినది. ఏటి దారిలో ఎవరు ఏమి కట్టుకొనిన నాకేమి యని ఆ దినములలో ఎవ్వరును అనలేదు.

ఇట్టి చట్టము చేయుటకు ప్రభుత్వమునకు అధికారమెక్కడిది? రాజ్యాంగపు 19వ అధికరణము ప్రతి పౌరునకు ఇష్టమైన వృత్తి చేసికొను హక్కు నిచ్చి, ప్రజాహితమునకై సహేతుకమైన పరిమితులు విధింపవచ్చునని కూడ చెప్పినది. 20వ అధికరణము మరియొక రక్షణ యిచ్చినది: ఒక పని చేసిన నాటికి అమలులోనున్న చట్టము ప్రకారము అది నేరము కానిచో, తరువాత వచ్చిన చట్టముతో దానికి శిక్ష వేయరాదు. క్రొత్త చట్టమును ముందుగా చేసి, రాజపత్రములో ప్రకటించుట ఇందుకే. తీరప్రాంతమున రొయ్యల చెరువులు విచ్చలవిడిగా పెరిగిన పిమ్మట, 1996లో సుప్రీముకోర్టు ఎస్. జగన్నాథ్ వ్యాజ్యములో గట్టి తీర్పు నిచ్చెను. దాని వెనుక 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టము చేసినది. 2020లో మన రాష్ట్రము తన చట్టము తాను చేసికొని, చెరువులకు లైసెన్సులిచ్చు సంస్థ నేర్పరచినది. రైతులు "అప్సడా" యని పిలుచునది ఆ సంస్థనే.

ఒక్కొక్కపుడు ఒక చేపయే నిషిద్ధమగును. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కుళ్లిన మాంసము తిని త్వరగా పెరుగును. గండి పడి కాలువలో చేరినచో మన నాటుచేపలను మ్రింగును. అందువలన కేంద్ర ప్రభుత్వము 2000లో దాని పెంపకమును నిషేధించినది. చెరువులలో కోడి వ్యర్థములు మేతగా వేయరాదనుటయు ఇట్టిదే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల నిషేధమునకు మరియొక కారణము కూడ కలదు. వాని అవశేషములు కనబడినచో ఐరోపా దేశములు సరకును త్రిప్పిపంపును. ఒకరి చెరువులోని మందునకు ఊరందరి ధర పడిపోవును.

కొల్లేటి కథ ఇంతకంటె కఠినమైనది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదను కొల్లేరు తనలో నిలుపుకొని ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రమునకు పంపును. 1970ల దశాబ్దములో మత్స్యకారులకు, పేదలకు సహకార సంఘములు పెట్టించి సరస్సులో చెరువులు త్రవ్వించినది ప్రభుత్వమే. తరువాత ధనవంతులు వానిని లీజులకు తీసికొనిరి, గట్లు పెరిగినవి, వరద నిలుచు చోటు తరిగినది. 1999 అక్టోబరులో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద, సముద్ర మట్టమునకు 5 అడుగుల ఎత్తు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడినవి. 2002లో కొల్లేరునకు రామ్‌సర్ గుర్తింపు వచ్చినది. 2006లో చెరువుల గట్లను కొట్టివేసిరి.

పేదవానిచే చెరువు త్రవ్వించినది ప్రభుత్వము, పగులగొట్టించినదియు ప్రభుత్వమే. లీజుదారు వేరొకచోట చెరువు చూచుకొనెను. సంఘ సభ్యునకు వేరొక చోటు లేదు. సరస్సు నిలువవలెననుటలో మాకు సందేహము లేదు గాని, జీవనోపాధిని చూపకుండ గట్టు కొట్టుట సగము పని చేసి విడిచినట్లని చెప్పక తప్పదు. హద్దుల లోపల జిరాయితీ భూములు గలవారి మొర కూడ ఇట్లే మిగిలియున్నది.

ఈ మొర విని 2008లో శాసనసభ హద్దును 5 అడుగుల నుండి 3 అడుగులకు తగ్గింపవలెనని తీర్మానించినది. అట్లు తగ్గించినచో అభయారణ్యము 135 చదరపు కిలోమీటర్లకు కుదించుకొనిపోవును. తీర్మానము వలన మాత్రమే హద్దు మారలేదు. జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు లేనిదే అభయారణ్యపు హద్దును రాష్ట్ర ప్రభుత్వము మార్పరాదని అదే చట్టములో నున్నది. ఎన్నికలు వచ్చిన ప్రతిసారి గీత జరుగకుండుటకు పెట్టిన నియమమిది. ఆ గీతకు లోపల భూమి గలవానికి ఇది గోడ వలె తోచును; వరద కాలమున దిగువన నిలిచినవానికి గట్టు వలె తోచును.