అతిథికి పాద్యం, పసికందుకు రక్ష

సంక్రాంతికి ఇల్లు నిండుతుంది. కొత్త అల్లుడు, వియ్యాలవారు, పట్నాల నుంచి దిగిన మేనమామలు, పినతల్లులు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి ఒడిలో నెల నిండని బిడ్డ ఉంటే ఆ పండగ శోభే వేరు. అందరి చేతులూ ఆ పసికందు వైపే సాగుతాయి. ఒకరు బుగ్గ నిమురుతారు, మరొకరు ముద్దాడతారు. ప్రయాణంలో జలుబు పట్టినవారూ వారిలో ఉంటారు. వద్దనాలని తల్లికి ఉంటుంది. అత్తగారి అక్కగారితో ఆ మాట ఎలా అనగలదు?

అనవలసిన అవసరం లేని దారి మన పూజావిధానంలోనే ఉంది. షోడశోపచారాలలో ఆవాహన, ఆసనాల వెనువెంటనే వచ్చేవి పాద్యం, అర్ఘ్యం, ఆచమనీయం. భగవంతుడికైనా ముందు పాదాలకు, పిమ్మట హస్తాలకు నీరు సమర్పిస్తాం. అతిథికీ అదే మర్యాద. పల్లెల్లో చుట్టం గడప తొక్కకముందే చెంబుతో నీళ్లు అందించేవారు. పండగ నాడు మీ వాకిట బిందెడు నీళ్లు, చెంబు, సబ్బు, ఉతికిన తువ్వాళ్లు ఉంచండి. ఇంటి యజమాని స్వయంగా నీళ్లు పోస్తే అది ఆంక్ష కాదు, ఉపచారమే అవుతుంది.

ముద్దుల విషయం మాత్రం నోరు తెరిచి చెప్పవలసిందే. ఆ భారం బాలింతపై వేయకండి, అమ్మమ్మ తీసుకోవాలి. కోరింత దగ్గు నుంచి కాపాడే టీకా తొలి మోతాదు బిడ్డకు 6 వారాలకు, తరువాతివి 10, 14 వారాలకు వేస్తారు. పెద్దలకు మామూలు దగ్గుగా తోచేది ఆలోగా పసివారికి ప్రాణాంతకం కావచ్చు. దగ్గు, జ్వరం ఉన్నవారు దూరం నుంచే అక్షతలు వేసి దీవించడం మేలు.

పురుడు పాటించే రోజుల్లో బిడ్డను పదిమందీ తాకరు. పూర్వులు సూక్ష్మక్రిములను ఎరిగే ఆ నియమం పెట్టారనడం అతిశయోక్తి. అది ఆశౌచ ధర్మం. అయినా తల్లికి విశ్రాంతి, బిడ్డకు ఏకాంతం దాని వల్ల దక్కాయి. శిశువును ఇల్లు దాటించే నిష్క్రమణ సంస్కారాన్ని మనుస్మృతి నాలుగో నెలలో చేయమన్నది. తీర్థానికో, రథోత్సవానికో బిడ్డను తెమ్మని బంధువులు పట్టుబడితే ఈ మాట చెప్పండి.

భోగిమంట పొగ పసి ఊపిరితిత్తులకు పడదు. స్నానానంతరం తల ఆరడానికి వేసే సాంబ్రాణి పొగ కూడా అంతే, మెత్తని వస్త్రంతో తుడిస్తే చాలు. భోగిపళ్లు పోయాలన్న ముచ్చట ఉంటే రేగుపళ్లు, నాణేలు, చెరకు ముక్కలు పళ్లెంలోనే ఉంచి దిగదుడిచి, శిరస్సుపై నాలుగు పూరేకులు వేయండి. గింజ ఉన్న పండు గొంతుకు అడ్డుపడితే చాలా ప్రమాదం.

కాస్త చిక్కైన విషయం తేనె. జాతకర్మలో తేనె, నెయ్యి నాకించే విధి ఉంది. ఏడాది నిండని శిశువుకు తేనె వద్దని వైద్యశాస్త్రం చెబుతోంది. అందులో ఉండగల ఒక సూక్ష్మక్రిమి బీజాలు పసికడుపులో విషాన్ని పుట్టించగలవు. మంత్రం యథావిధిగా జరిపించి, తేనెను దేవుడికి నివేదించడం మాకు సబబుగా తోస్తుంది. వస, ఉగ్గు కూడా ఆరు నెలల వరకు వద్దు, తల్లిపాలే చాలు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు ప్రయాణం చేయరాదని మన ఇళ్లలో గట్టి పట్టింపు. కానీ మూడు నెలలలోపు బిడ్డకు ఒళ్లు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, చల్లబడినా, పాలు తాగకపోయినా, నిమిషానికి 60 లేదా అంతకు మించి ఎగశ్వాస వచ్చినా కనుమ అని ఆగకండి, వర్జ్యం చూడకండి. సెలవుల్లో తెరిచి ఉండే పిల్లల ఆసుపత్రి ఏదో భోగికి ముందే విచారించి, దాని ఫోను నంబరును 108 పక్కనే గోడ క్యాలెండరు మీద రాసి ఉంచండి.