కారు బ్రేకు ప్యాడులు: కంపెనీ సరకా, బయటి సరకా?

విత్తనములు కొనునప్పుడు సంచిమీది లాటు నంబరు చూచి, రసీదు పుచ్చుకొని, పంట చేతికి వచ్చువఱకు దానిని దాచుకొనుడని సభ్యులకు పలుమాఱు చెప్పియున్నాము. ఇప్పుడు పెనుబల్లి ప్రాంతమున రైతులలోను కార్లు గలవారు కలరు. విత్తనముపట్ల చూపు జాగ్రత్త బ్రేకు ప్యాడులపట్ల చూపువారు మాత్రము అరుదు. కంపెనీవి వేయింపవలెనా, బయటివి చాలునా యని అడుగుచున్నారు గనుక ఇందు వివరింతుము.

ప్యాడు అనగా ఉక్కురేకునకు అతికిన రాపిడి దిమ్మ. పెడలు త్రొక్కగనే రెండు ప్యాడులు చక్రముతో తిరుగు డిస్కును ఇరువైపుల అదిమి పట్టును. బండి పరుగంతయు వేడిగా మాఱును. వేగము 60 కిలోమీటర్లనుండి 80కి పెరిగినచో ఆ వేడి ఇంచుమించు 1.8 రెట్లగును. సత్తుపల్లి బాటమీద బఱ్ఱె అడ్డము వచ్చినప్పుడు ఒక్కమాఱు గట్టిగా త్రొక్కుట వేఱు, చింతూరు మారేడుమిల్లి ఘాటురోడ్డు దిగుచు మాటిమాటికి త్రొక్కుట వేఱు. నాసి ప్యాడు మొదటిదానికి తాళవచ్చును. రెండవదాని వేడికి దిమ్మలోని జిగురు మాడి పట్టు సడలును. పెడలు కాలికి గట్టిగనే తగులును, బండి మాత్రము ఆగదు.

అంగడి సరకు రెండు తెగలని పలువురి తలంపు. నిజమునకు నాలుగు. కార్ల కంపెనీ తన పేరిట అమ్మునది మొదటిది. అయితే ఆ కంపెనీలు సామాన్యముగా ప్యాడులను తామే చేయక, చేయువారియొద్ద కొని తమ డబ్బాలో పెట్టును. ఆ చేయువారు తమ పేరిట అమ్మునది రెండవది. 1962లో ఏర్పడిన బ్రేక్స్ ఇండియా, 1964లో ఏర్పడిన రాణే బ్రేక్ లైనింగ్ మన దక్షిణదేశమునందలివే. ఒక్క కర్మాగారపుదే యైనను రెండు డబ్బాలలోని మిశ్రమము ఒకటే యని మాత్రము చెప్పజాలము. పేరును చిరునామాయు గల ఇతర తయారీదారులది మూడవది. పేరులేనిదియు, పరుల పేరు దొంగిలించినదియు నాలుగవది.

వారంటీ తీరువఱకు మొదటిదియు, అటుపిమ్మట ధర చూచుకొని రెండవదియు కొనుట మేలని మా అభిప్రాయము. భయమెల్ల నాలుగవదానితోనే. అది మొదటిదాని వేషమున వచ్చును. మన సభ్యులలో కిరాయి కారు నడుపు నొకరు రోడ్డుప్రక్క అంగడిలో కంపెనీ డబ్బా యని నమ్మి రసీదు లేకయే కొనిరి. మూడునెలలు తిరుగకమున్నే వి.యం. బంజరు చేరువను దిమ్మ రేకునుండి ఊడి, ఇనుము డిస్కును గోకెను. కారులోనివారికి ప్రమాదము తప్పినది. డిస్కు మార్పునకైన ఖర్చు, మిగిల్చుకొన్న సొమ్మునకు పెక్కు రెట్లు. అంగడివానిని అడుగగా, అది తన సరకే యనుటకు గుర్తేమి యనెను.

కొన్ని ప్యాడుల అంచున ఎఫ్ ఎఫ్, జి ఎఫ్ వంటి జంట అక్షరములుండును. మొదటిది మామూలు పట్టును, రెండవది వేడిలోని పట్టును తెలుపును. రాపిడి గుణకము ఇ యనగా 0.25 మొదలు 0.35 వఱకు, ఎఫ్ 0.45 వఱకు, జి 0.55 వఱకు. రెండవ అక్షరము ఇ అయినచో ఘాటురోడ్డునకు తగదు. ఇవి మన్నికను తెలుపవు. పట్టు మితిమీఱుటయు మంచిది కాదు, ముందు వెనుక చక్రముల పొత్తు చెడును. అందుచేతనే ఐక్యరాజ్యసమితివారి 90వ నిబంధన బయటి ప్యాడు పట్టు అసలుదానికి నూటికి 15 పాళ్లకు మించి తేడాపడరాదనుచున్నది. ఆర్ 90 గుర్తు కనబడినచో ఎన్నుకొనవచ్చును.

చవుక ప్యాడులలో రాతినార, అనగా ఆస్బెస్టాసు, ఉండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. గాలిగొట్టముతో ఊదింపక తడిగుడ్డతో తుడిపింపుడు.

ఒక ఇరుసుమీది రెండు చక్రములకును ఒక్కమాఱే మార్పింపవలెను. క్రొత్తవి వేసిన పిమ్మట మొదటి 300 కిలోమీటర్లు అవసరము లేనిదే గట్టిగా త్రొక్కరాదు. దిమ్మ 3 మిల్లీమీటర్లకు అరిగినచో ఆలస్యము వలదు. రసీదు దాచుకొని, ఖాళీ డబ్బాను చింపి పారవేయుడు. దానిలో దొంగసరకు పెట్టి అమ్మువారు కలరు.