కీఫ్రేమ్‌లు వదిలేశాక కుదిరింది: డావిన్చీ రిజాల్వ్‌లో సొంత ట్రాన్సిషన్

మా అక్క రిసెప్షన్‌కి ఆరు గంటల ముందు పాట మారింది. స్టేజ్ పక్కన ఎల్ఈడీ స్క్రీన్ మీద వెయ్యాల్సిన నాలుగు నిమిషాల పెళ్లి వీడియో అది. రెండు రాత్రులు కూర్చుని మెలోడీకి కట్ చేసి పెట్టుకున్నా. "ఒరేయ్, మరీ నిద్రొస్తోందిరా, మాస్ బీట్ పెట్టు" అని ఫోన్ చేసింది. పెళ్లికూతురు మాటకి ఎదురు చెప్పేదెవరు?

కట్‌లు జరపడం పెద్ద పని కాదు. చిక్కంతా నేను సొంతంగా చేసుకున్న విప్ ప్యాన్ ట్రాన్సిషన్‌తోనే. కెమెరా గిర్రున తిప్పినట్టు ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి వెళ్లే ఎఫెక్ట్ అది. 24 ఫ్రేమ్‌లకి లెక్కేసి కీఫ్రేమ్‌లు పెట్టా, 11 చోట్ల వాడా. కొత్త బీట్‌కి దాన్ని 12 ఫ్రేమ్‌లకి కుదిస్తే కీఫ్రేమ్‌లు పాత చోటే ఉండిపోయాయి. ఫ్రేమ్ సగం దూరం జరిగి టక్కున ఆగిపోతోంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాదే.

దీనికి మందు యానిమ్ కర్వ్స్ అనే మాడిఫైయర్. ఫ్యూజన్ పేజీ 2018లో 15వ వెర్షన్‌తో రిజాల్వ్‌లోకి వచ్చింది, ఫ్రీ వెర్షన్‌లోనూ ఉంది. కాబట్టి జేబుకి చిల్లు పడదు.

ముందు ఎడిట్ పేజీలో మామూలు క్రాస్ డిజాల్వ్ వెయ్యండి. దాని మీద రైట్ క్లిక్ చేసి ఫ్యూజన్ ట్రాన్సిషన్‌గా మార్చి, ఫ్యూజన్ పేజీలో తెరవండి. వెళ్లే క్లిప్‌కి మీడియా ఇన్ 1, వచ్చే క్లిప్‌కి మీడియా ఇన్ 2, మధ్యలో డిజాల్వ్ కనిపిస్తాయి. డిజాల్వ్ తర్వాత ఒక ట్రాన్స్‌ఫార్మ్ నోడ్ తగిలించండి. దాని సెంటర్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌వై పాత్, ఆ పాత్‌లోని ఎక్స్‌కి యానిమ్ కర్వ్స్. సోర్స్ దగ్గర ట్రాన్సిషన్ ఎంచుకోవడం మర్చిపోవద్దు, అసలు కీలకం అదే. అప్పుడు కర్వ్ ట్రాన్సిషన్ మొదట్లో 0, చివర్లో 1 ఇస్తుంది. నిడివి 12 ఫ్రేమ్‌లైనా 40 అయినా దానికి ఒకటే.

కర్వ్‌ని ఈజింగ్‌లో పెట్టండి, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0.5. అంటే ఎక్స్ 0.5 నుంచి 2.5కి వెళ్తుంది. ఈ 2 ఎందుకంటే, ఖాళీ అంచులు కనపడకుండా ఎడ్జెస్‌లో మిర్రర్ పెడతాం. మిర్రర్‌లో పక్క ఫ్రేమ్ తిరగబడి ఉంటుంది, దాని పక్కది మళ్లీ సరిగ్గా ఉంటుంది. నేను మొదట స్కేల్ 1 ఇచ్చా. ట్రాన్సిషన్ చివర మండపం మీద పేర్లు అద్దంలో చూసినట్టు తిరగబడి, మరుక్షణం సరైపోతున్నాయి. గంటసేపు జుట్టు పీక్కున్నాక అర్థమైంది.

తర్వాత అదే నోడ్ సెట్టింగ్స్‌లో మోషన్ బ్లర్ ఆన్ చేసి, క్వాలిటీ కొంచెం పెంచండి. ఇది లేకపోతే విప్ ప్యాన్ కాదు, స్లైడ్ షోనే. లాప్‌టాప్ మొరాయిస్తే రెండర్ క్యాష్‌ని స్మార్ట్‌లో పెట్టుకోండి.

ఇక దాన్ని దాచుకోవడం. మీడియా ఇన్, మీడియా అవుట్ తప్ప మిగతా నోడ్లు సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌తో మ్యాక్రో క్రియేట్ చెయ్యండి. బయటికి కనిపించాల్సిన కంట్రోల్స్‌కే టిక్ పెట్టండి, నేను మోషన్ బ్లర్ క్వాలిటీ ఒక్కటే ఉంచా. ఫైల్‌ని రిజాల్వ్ సపోర్ట్ ఫోల్డర్‌లో ఫ్యూజన్, టెంప్లేట్స్, ఎడిట్, ట్రాన్సిషన్స్ అనే వరసలో సేవ్ చేసి, రిజాల్వ్ మూసి తెరిస్తే ఎఫెక్ట్స్ లిస్ట్‌లో మీ పేరుతోనే వస్తుంది.

ఒక్క జాగ్రత్త. కట్ మధ్యలో 12 ఫ్రేమ్‌ల ట్రాన్సిషన్ వెయ్యాలంటే రెండు క్లిప్‌లకీ అటూ ఇటూ 6 ఫ్రేమ్‌ల అదనపు ఫుటేజ్ ఉండాలి. బీట్ కోసం క్లిప్‌ని చివరిదాకా వాడేస్తే ఏ మ్యాక్రో కూడా ఆదుకోదు.

ఆ రోజు 11 చోట్లా కొత్తది వేసి చూస్తే నాకే కళ్లు తిరిగాయి. సంగీత్ భాగంలో నాలుగు ఉంచి మిగతావి తీసేశా. జీలకర్ర బెల్లం, తలంబ్రాల దగ్గర మామూలు కట్‌లే. రెండర్ అయ్యేసరికి ఏడున్నర, హాల్‌కి నేను చేరేసరికి భోజనాలు మొదలయ్యాయి. వీడియో పడింది. అక్క మాత్రం, "ముందు పాటే బాగుందేమోరా" అంది.