సీటు, గది, భాష

విశ్వవిద్యాలయంలో ప్రవేశమంటే జాబితాలో పేరు కనిపించడమేనని మనలో చాలామందిమి అనుకుంటాం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికి పల్లె నుంచి వచ్చే విద్యార్థి దాటవలసిన గడపలు మూడు: సీటు, గది, భాష. మొదటిదాని గురించి పత్రికలు రాస్తాయి. రెండోదాని కోసం విద్యార్థి సంఘాలు కొట్లాడతాయి. మూడోదాని గురించి మాట్లాడవలసినవాళ్లం సాహిత్యకారులం. మనమే మాట్లాడటం లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ మూడింటినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట సీటు సంగతి. తెలంగాణలో పోస్టుగ్రాడ్యుయేట్ ప్రవేశాలకు సీపీగెట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. దానిని నిర్వహించే బాధ్యత ఉస్మానియాది. ప్రశ్నలు 100, సమయం 90 నిమిషాలు, ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. ర్యాంకు వచ్చాక ధ్రువపత్రాల పరిశీలన, ఆ పైన కళాశాలల ఎంపిక, చివరకు రిజర్వేషన్ నియమాల ప్రకారం సీటు కేటాయింపు. ఎంపిక చేసుకొనేటప్పుడు మామూలు సీటుకూ, సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకూ ఫీజులో ఉన్న తేడా తెలియక చిక్కుల్లో పడే పిల్లలున్నారు. ఈ పరీక్షకు ఒక మేలు ఉంది: సిఫారసుకు చోటులేదు. ఒక లోపమూ ఉంది: ఎం.ఏ. తెలుగులో చేరేవాడు కూడా తెలుగులో ఒక్క వాక్యం రాయకుండానే లోపలికి వెళ్లవచ్చు. ఏ కావ్యం ఎవరిదో గుర్తుంటే చాలు; ఆ కావ్యాన్ని చదివి ఉండనక్కరలేదు. కొలిచేది జ్ఞాపకాన్ని, చదువును కాదు.

రెండోది గది. సీటు వచ్చినంత మాత్రాన హాస్టలులో మంచం రాదు. స్నేహితుడి గదిలో చాప పరుచుకొని, మెస్సులో ఒకరి భోజనాన్ని ఇద్దరు పంచుకొని చదివినవాళ్లకు ‘నాన్ బోర్డర్’ అనే పేరుంది. ఆ పేరు నిఘంటువులో ఉన్నా లేకపోయినా ఉస్మానియా విద్యార్థి జీవితంలో ఉంది. ఆ ఇరుకు గదులు రాజకీయ పాఠశాలలు కూడా. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడటాన్ని నిషేధించినప్పుడు విద్యార్థులు సమ్మె చేశారు, బహిష్కరణకు గురయ్యారు. వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. వసతి గృహం వసతి మాత్రమే కాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

మూడోది, అన్నిటికన్న ఎత్తయినది, భాష. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. వైద్యం, ఇంజనీరింగు కూడా భారతీయ భాషలో చెప్పవచ్చునని అది ఆచరణలో నిరూపించింది. అది గాలిలో జరగలేదు. 1917లోనే అనువాద సంస్థను పెట్టి, పండితులను కూర్చోబెట్టి, పరిభాషను తయారుచేసి, వందలాది గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. ముందు పుస్తకం, ఆ తరువాత పాఠం. ఈ క్రమాన్ని మనం మరిచిపోరాదు.

కాని ఇందులోనే ఒక వైరుధ్యం దాగి ఉంది. సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవారు; ఉర్దూ మాతృభాషగా ఉన్నవారు సుమారు పదోవంతు. ఇంగ్లీషు పెత్తనం నుంచి విడుదల చేసిన భాషే తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు కొత్త గడప అయింది. రాయప్రోలు సుబ్బారావు వంటి కవి తెలుగు ఆచార్యుడుగా ఉన్నా, తెలుగు అక్కడ బోధించే విషయమే గాని బోధనా భాష కాలేదు. దేశభాష కావడం వేరు, ప్రజల భాష కావడం వేరు. 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన తరువాత ఉర్దూ స్థానంలోకి వచ్చింది తెలుగు కాదు, ఇంగ్లీషు.

అయినా గడప దాటినవాళ్లు చేసిన పని చూడండి. మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడే ఎం.ఏ. చదివి అభ్యుదయ కవిగా నిలిచారు. సి. నారాయణరెడ్డి బి.ఏ. దాకా ఉర్దూలో చదివి, ఎం.ఏ.కు తెలుగు తీసుకొని, ఆధునిక కవిత్వంపై పరిశోధన చేశారు. బిరుదురాజు రామరాజు జానపద గేయాలను పరిశోధనాంశంగా ఎంచుకొని, కోతల్లో, తిరగలి దగ్గర పాడుకొనే పాటలకు విశ్వవిద్యాలయంలో పీట వేశారు. విద్యార్థి లోపలికి రావడం ఒక ఎత్తు. తన ఊరిని వెంటబెట్టుకొని రావడం మరొక ఎత్తు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. నా దగ్గర పదోతరగతి చదివిన ఒక అమ్మాయి డిగ్రీ తెలుగు మాధ్యమంలో ముగించి, ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చరిత్రకు సీటు తెచ్చుకుంది. దరఖాస్తు నింపింది నేనే. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు నోట్సు చూపించమన్నాను. పేజీల నిండా ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలో రాసి ఉన్నాయి. వాటిలో సగానికి అర్థం ఆమెకు తెలియదు. “సీటొచ్చింది సార్, చదువు రాలేదు” అన్నది. తలవంచుకోవలసింది ఆమె కాదు, నేను. ర్యాంకు గురించి చెప్పాను, ఫీజు గురించి చెప్పాను, మూడో గడప ఉందని చెప్పలేదు. ఆ సెలవుల్లో ఒక నిఘంటువు, తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకం ముందు పెట్టుకొని ఇద్దరం ఒక్క అధ్యాయం పూర్తిచేశాం. ఆమె చదువు మానలేదు. కాని ఎందరు తిరిగి వెళ్లలేదో లెక్క ఎవరి దగ్గరుంది?

1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటరు, డిగ్రీ స్థాయిలకు తెలుగులో పుస్తకాలు తెచ్చి పెద్ద మేలు చేసింది. ఆ పై మెట్టు మీదే దారి సన్నబడుతుంది. “ఇంగ్లీషు నేర్చుకుంటే సరిపోదా?” అని కొందరంటారు. నేర్చుకోవలసిందే, నా విద్యార్థులకు నేనూ అదే చెబుతాను. అయితే భాష నేర్చుకొనే రెండేళ్లూ విషయం ఆగి ఉండదు. ఇంగ్లీషు వచ్చేదాకా ఆలోచించవద్దని ఎవరినీ ఆపలేం.

కనుక రచయితలకు నా మనవి ఒక్కటే. మనం కథలనూ కవితలనూ అనువదిస్తున్నాం, మంచిదే. చరిత్ర, అర్థశాస్త్రం, సమాజశాస్త్రాలలో ఎం.ఏ. విద్యార్థి తప్పక చదవవలసిన వ్యాసాలను కూడా ఏడాదికి ఒక్కొక్కరం ఒక్కటి తెలుగు చేద్దాం. సాహిత్య విద్యార్థులు ఆ పనిలో చేయి వేస్తే వారికది నాలుగు జవాబుల పరీక్ష నేర్పని చదువవుతుంది. ఆనాటి అనువాద సంస్థ వెనుక ప్రభువు ఖజానా ఉంది. మన వెనుక అది లేదు. అయినా వచ్చే దసరాకు ఆ అమ్మాయి చేతిలో పెట్టడానికి ఒక వ్యాసం మొదలుపెట్టాను. పద్నాలుగు పేజీలు. ఆరు అయ్యాయి.