కొత్త ఊళ్లో తొలి మందు... పలకరింపు!

బదిలీ కావొచ్చు. బతుకుదెరువు కావొచ్చు. పెళ్లి కావొచ్చు. ఏదో ఒక కారణంతో ఊరు మారాల్సి వస్తుంది. కిరాయి ఇల్లు, గ్యాస్ బండ, పిల్లల బడి... అన్నీ చూసుకుంటాం. ఇరుగు పొరుగు సంగతి మాత్రం 'కాస్త కుదురుకున్నాక చూద్దాంలే' అనుకుంటాం. నిజానికి కుదురుకోవటం మొదలయ్యేది ఆ పలకరింపుతోనే. గుండెకూ, మనసుకూ అది రక్ష. పని దొరకటానికీ అదే దారి.

ఒక ఇంటిని ఊహించుకుందాం. తాండూరు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో భర్తకు ఉద్యోగం వచ్చింది. సామాను వ్యాన్‌లో వేసుకొని వచ్చేశారు. ఆయనకు పొద్దున లేస్తే డ్యూటీ. అక్కడ తోటివాళ్లు, టీ బండి, మాటామంతీ. పిల్లలకు బడి. ఇక ఇంట్లో మిగిలింది ఆమె. సొంతూళ్లో బట్టలు కుట్టేది. చేతి నిండా పని ఉండేది. ఇక్కడ మిషను మూలన పడింది. మూడు నెలలు గడిచినా పక్కింటామె పేరు తెలియదు. మధ్యాహ్నం తినబుద్ధి కాదు, రాత్రి నిద్ర పట్టదు. తలనొప్పి, ఒళ్లు నొప్పులని దవాఖానకు వెళ్తే పరీక్షలన్నీ బాగానే ఉన్నాయన్నారు. మరి జబ్బెక్కడుంది?

వచ్చేవాళ్లు కొత్త కాదు

వికారాబాద్, తాండూరు... రెండూ వచ్చిపోయేవాళ్లతో పెరిగిన ఊళ్లే. 1874లో సికింద్రాబాద్-వాడి రైలు మార్గం మొదలైంది. రెండు పట్టణాలూ ఆ దారి మీదే ఉన్నాయి. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, కందిపప్పు మిల్లులు తాండూరుకు మనుషుల్ని రప్పించాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 2016లో కొత్త జిల్లా ఏర్పడ్డాక వికారాబాద్‌కు కలెక్టరేట్, ఇతర జిల్లా కార్యాలయాలు వచ్చాయి. వాటితో పాటే బదిలీల మీద వచ్చే ఉద్యోగులూ పెరిగారు. కర్ణాటక సరిహద్దు కావటంతో తాండూరు బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. ఇన్ని రకాల మనుషులున్న ఊళ్లోనూ ఒక ఇంటి తలుపు మూసే ఉండిపోవచ్చు. ఊరు పెద్దదా, చిన్నదా అన్నది కాదు... మనల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎందరున్నారన్నదే లెక్క.

ఒంటరితనం ఒంటికి ఏం చేస్తుంది?

ఆకలి వేస్తే తిండి కావాలని ఒళ్లు చెబుతుంది. ఒంటరితనమూ అలాంటి సంకేతమే. మనుషులు కావాలని మనసు అడుగుతోందన్నమాట. ఆ కేకను పట్టించుకోకుండా నెలల తరబడి వదిలేస్తే శరీరం ఎప్పుడూ ప్రమాదంలో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. కార్టిజాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు ఎక్కువవుతాయి. నిద్ర ముక్కలవుతుంది. రక్తపోటు పెరుగుతుంది. నడక తగ్గి, తిండి వేళ తప్పుతుంది. కొందరు మందుకో, సిగరెట్‌కో అలవాటు పడతారు.

మనుషులతో సంబంధాలు సరిగా లేనివారికి గుండెజబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం ఎక్కువని అమెరికా సర్జన్ జనరల్ 2023లో విడుదల చేసిన నివేదిక హెచ్చరించింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా 8.71 లక్షల మరణాలకు దీనితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో లెక్క తేల్చింది. ఇది ముసలివాళ్ల సమస్య అనుకుంటే పొరపాటే. యువతలోనూ ఎక్కువే.

ఇవన్నీ పెద్ద లెక్కలు. ఇంటి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే 108కు ఫోన్ చేయటం సరే. అంబులెన్స్ వచ్చేదాకా పక్కన కూర్చునేదెవరు? వీధి మొదట్లో నిలబడి దారి చూపేదెవరు? నిద్రపోతున్న పిల్లల్ని చూసుకునేదెవరు? గుండెపోటులో ప్రతి నిమిషమూ విలువైనదే. ఆ నిమిషాల్లో దగ్గరుండేది దూరాన ఉన్న చుట్టాలు కాదు, గోడ అవతలి వాళ్లు.

పని పోతే మనుషులూ దూరమవుతారు

పని అంటే జీతం ఒక్కటే కాదు. ఇది 1930లలోనే తేలిన విషయం. ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే ఊరికి బట్టల మిల్లే ఆధారం. అది మూతపడటంతో దాదాపు ఊరంతా పని కోల్పోయింది. మేరీ జహోదా, మరికొందరు పరిశోధకులు అక్కడికి వెళ్లి జనాన్ని గమనించారు. చేతిలో బోలెడంత తీరిక ఉంది కదా, పుస్తకాలు ఎక్కువ చదువుతారనుకుంటాం. జరిగింది వేరు. రెండేళ్లలో గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. సంఘాలకు వెళ్లటం తగ్గింది. మగవాళ్ల నడక కూడా మందగించింది.

పని మన రోజుకు ఒక వేళను ఇస్తుంది. ఇంటి బయట నలుగురిని కలుపుతుంది. 'నేనూ పనికొస్తాను' అన్న ధీమానిస్తుంది. అందుకే కొత్త ఊళ్లో పని లేనివాళ్లు రెండు విధాలా నష్టపోతారు. ఆదాయం ఉండదు, మనుషులూ ఉండరు. 'ముందు పని దొరకనీ, తర్వాత నలుగురిలోకి వెళ్దాం' అని ఇంట్లో ఉండిపోవటమే ఇక్కడ అసలు పొరపాటు. దారి దీనికి తిరగేసి ఉంది.

పని కబురు ఎవరు తెస్తారు?

దగ్గరి చుట్టాలే పని చూపిస్తారనుకుంటాం. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ నగర శివారులో పరిచయాల ద్వారా ఉద్యోగం పొందినవాళ్లను ఒక ప్రశ్న అడిగారు. ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారు? నూటికి 80 మందికి పైగా చెప్పిన జవాబు... అప్పుడప్పుడే, లేదా చాలా అరుదుగా. కారణం తేలికే. మన దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్ల నుంచే వస్తుంది. సుమారు 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ వాడకందార్లపై జరిపిన పరిశోధన 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అందులోనూ ఉద్యోగం మారటానికి ఎక్కువగా అక్కరకొచ్చింది ఇలాంటి పలచటి పరిచయాలే.

మన ఊళ్ల భాషలో చెప్పాలంటే... కిరాణా కొట్టు సేటు, పాల మనిషి, బడి దగ్గర పిల్లల కోసం ఎదురుచూసే తల్లులు, రోజూ ఒకే పెట్టెలో ఎక్కే సీజన్ పాసు ప్రయాణికులు. 'జాకెట్లు మంచిగ కుట్టేటోళ్లు ఎవరన్న ఉన్నరా?' అన్న మాట ముందు వినిపించేది వీళ్లకే. మీకు కుట్టు వచ్చని వాళ్లకు తెలిస్తేనే కదా మీ పేరు చెప్పేది!

ఎక్కడ మొదలుపెట్టాలి?

* మొదటి వారంలోనే అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు, ఎదురిల్లు పలకరించండి. 'అక్కా, కొత్తగ వచ్చినం. కూరగాయల అంగడి ఏ రోజు?' అంటే చాలు. మనల్ని సాయం అడిగినవాళ్లంటే సహజంగానే కాస్త ఆపేక్ష పుడుతుంది.
* రోజూ ఒకే వేళకు, ఒకే దారిలో నడవండి. ఒకే కొట్లో సరుకులు కొనండి. మళ్లీ మళ్లీ కనిపించే ముఖం మీద నమ్మకం దానంతటదే పెరుగుతుంది. నడకతో షుగరు, బీపీ అదుపులో ఉండటం అదనపు లాభం.
* మహిళలకు స్వయం సహాయక సంఘాలు మంచి ఆసరా. పట్టణంలో మెప్మా రిసోర్స్ పర్సన్‌ను, పల్లెల్లో గ్రామ సంఘాన్ని అడగండి. సంఘం ఒకరినొకరు నమ్మి నడిచేది కాబట్టి వెంటనే చేర్చుకోకపోవచ్చు. చిన్నబుచ్చుకోవద్దు. నలుగురికి పరిచయమైతే చోటు దొరుకుతుంది.
* బతుకమ్మ, బోనాలు, ఉగాది, రంజాన్... ఏ పండుగైనా పిలిచే వరకు ఆగకుండా వెళ్లండి. బతుకమ్మ చుట్టూ తిరిగే వలయంలో కొత్తవాళ్లకు ఎప్పుడూ ఖాళీ ఉంటుంది.
* మీకేం వచ్చో కనీసం ఐదుగురికి చెప్పండి. 'ఏదైనా పనుంటే చూడండి' అంటే ఎవరికీ గుర్తుండదు. 'ట్యూషన్ చెప్తాను', 'లెక్కలు రాస్తాను', 'మోటార్లు బాగు చేస్తాను' అంటే గుర్తుంటుంది.

మందులు ఆగనీయొద్దు

ఊరు మారినప్పుడు చాలామంది చేసే మరో తప్పు... వాడుతున్న మందులు ఆపేయటం. పాత డాక్టరు లేడు, కొత్త డాక్టరు తెలియదు. ఇలా బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు రోజుల తరబడి ఆగిపోతుంటాయి. మందుల చీటీలు, పరీక్షల కాగితాలు సామానులో కలిపేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి. కనీసం నెలకు సరిపడా మాత్రలు ముందే తెచ్చుకోండి. వచ్చిన వెంటనే ఆ వీధి ఆశా కార్యకర్త ఎవరో కనుక్కోండి. గర్భిణులకు, చంటిపిల్లల టీకాలకు ఆమే దారి చూపుతుంది.

క్షయ మందులు వాడుతున్నవారు ఒక్క రోజూ మానకూడదు. నిక్షయ్‌లో పేరు నమోదై ఉంటే చికిత్సను కొత్త ఊరి సర్కారు దవాఖానకు మార్పించుకోవచ్చు. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల గాలికి క్షయ రోగులను తీసుకొచ్చిన కాలం ఒకటుండేది. ఇప్పుడు మందు ఎక్కడైనా ఉచితంగానే దొరుకుతుంది. వేళకు వాడటమే ముఖ్యం. రాయి కోసే, పాలిష్ చేసే పనిలో కొత్తగా చేరినవాళ్లు దుమ్ముతో జాగ్రత్తగా ఉండాలి. నీళ్లు పెట్టి కోయటం, సరైన మాస్కు ధరించటం తప్పనిసరి. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించుకోవాలి.

మీ వీధికి ఎవరైనా వచ్చారా?

ఇప్పటికే ఊళ్లో స్థిరపడినవాళ్ల బాధ్యతా ఉంది. కొత్తగా దిగిన ఇంటికి ఒక చెంబెడు మంచినీళ్లు, నల్లా ఏ వేళకు వస్తుందన్న కబురు అందించటానికి ఖర్చేమీ ఉండదు. యాస వేరనో, భాష వేరనో దూరం పెట్టకండి. రాయి పనికి దూరాల నుంచి వచ్చిన కుటుంబాలకు మన ఊరి దవాఖాన ఎక్కడుందో తెలియటమే పెద్ద సాయం.

సాయం ఎప్పుడు తీసుకోవాలి?

కొత్త ఊళ్లో మొదటి కొన్ని వారాలు దిగులుగా ఉండటం సహజమే. కానీ రెండు వారాలకు పైగా రోజంతా మనసు బాగోలేకపోవటం, దేని మీదా ఆసక్తి లేకపోవటం, నిద్ర, ఆకలి తగ్గటం కనిపిస్తే డాక్టరును కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయొద్దు. టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

మనం ఊహించుకున్న ఆ ఇంటికి మళ్లీ వద్దాం. ఆమెకు కావాల్సింది ఖరీదైన మందు కాదు. ఒక సాయంత్రం గడప దాటి 'అక్కా, ఇక్కడ జాకెట్ లైనింగు గుడ్డ ఎక్కడ దొరుకుతది?' అని అడగాలి. 'నీకు కుట్టొస్తదా?' అని అవతలి నుంచి ప్రశ్న రావొచ్చు. మూలన పడ్డ మిషను మళ్లీ కదిలేది అక్కడి నుంచే.