మబ్బులో హెలికాప్టరు

తిరుమల ఘాట్ రోడ్డుపై పొగమంచు చిక్కబడినచో బస్సు డ్రైవరు బండిని ప్రక్కకు తీసి నిలుపవచ్చును. హెలికాప్టరు నడుపు పైలట్‌కు ఆ వీలు లేదు. గాలిలో ఒకే చోట నిలుచుటకైనను అతడు సాధారణముగా నేలనో, చెట్టునో చూచుచుండవలెను. మబ్బులో అవి కనిపించవు.

కన్ను చెప్పనిది శరీరము చెప్పదా? చెప్పును గాని, తప్పు చెప్పును. ఒప్పులకుప్ప ఆడి ఆగిన పిల్లలకు లోకమంతయు తిరుగుచున్నట్లు తోచును గదా! మన లోపలి చెవిలో ద్రవముతో నిండిన మూడు అర్ధవర్తుల కుల్యలు కలవు. మనము తిరుగ నారంభింపగానే ఆ ద్రవము వెనుకబడును. ఆ తేడాను బట్టియే మెదడు తిరుగుడును గ్రహించును. కొంతసేపు ఒకే వేగముతో తిరిగినచో ద్రవము కూడ కుల్యతోపాటు తిరుగును. అప్పుడు మనము కదలనట్లే ఉండును. ఇట్లే మబ్బులోని పైలట్ ఒక ప్రక్కకు ఒరిగి తిరుగుచున్నను, తిన్నగా పోవుచున్నాననుకొనును.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు, ఈ విద్య నేర్వని 20 మందికి బయట కనిపించకుండ చేసి విమానము నడుపనిచ్చిరి. అందరును అదుపు తప్పిరి. అందుకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు మాత్రమే!

కనుక శిక్షణలో మొదటి పాఠము, శరీరమును గాక పరికరములను నమ్ముట. అభ్యాసకుని కన్నులపై ముసుగువంటి తొడుగు పెట్టి, ఎదుటి పరికరములు మాత్రమే కనబడునట్లు చేయుదురు. ప్రక్కన గురువు కూర్చుండును. గైరోస్కోపుతో పనిచేయు కృత్రిమ దిగంతరేఖ ఒరుగుదలను చూపును. ఆల్టిమీటరు గాలి పీడనమును బట్టి ఎత్తును చెప్పును. చూపును ఏ ఒక్క ముల్లుపైనను నిలుపక, వరుసగా అన్నింటిపై త్రిప్పుచుండవలెను.

అయితే పరికరములు తుపాను మేఘమును అణచలేవు. 2009 సెప్టెంబరు 2న బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు నల్లమలలోని పావురాలగుట్టపై కూలెను. ముఖ్యమంత్రి వై. ఎస్. రాజశేఖరరెడ్డితో సహా అయిదుగురు మరణించిరి. క్యుములోనింబస్ మేఘమునుండి క్రిందికి ఉరికిన తీవ్రమైన గాలిలో చిక్కి అది అదుపు తప్పినదని విచారణ సంఘము తేల్చినది. అంతకుముందు నూనె పీడనపు సమస్య పైలట్ల దృష్టిని ఆకర్షించినదనియు తెలిపినది.

ఇల్లినాయ్‌లో ఆ 20 మందికే, పరికరములను చూచుచు విమానమును వెనుకకు మరల్చుట నేర్పిరి. తరువాత దాదాపు ప్రతి యత్నమును ఫలించెను. మబ్బులో పోవుట ఒక విద్య. దానిని ముందే గుర్తించి మరలుట అంతకంటె పెద్ద విద్య.